పండుగ తేదీ వేరు, సెలవు తేదీ వేరు

(సికింద్రాబాద్‌లో బతుకమ్మకు ముందు సైనిక కుటుంబాల తల్లుల కోసం జరిగిన సమావేశంలో ఒక రిటైర్డ్ సుబేదార్ భార్య చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండమ్మా, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. పిల్లలు అటూ ఇటూ ఉరుకుతున్నారని ఎవరూ ఇబ్బంది పడొద్దు, ఉరకనివ్వండి. నేను మాట్లాడబోయేదే వాళ్ల గురించి.

దసరా, దీపావళి రోజుల్లో, ఇంటాయన ఫీల్డ్‌లో ఉన్నప్పుడు చిన్నపిల్లలతో ఎలా నెట్టుకురావాలో చెప్పమని నన్ను పిలిచారు. అసలు మాట ముందే చెప్పేస్తాను. "పండక్కి నాన్న వస్తాడు" అని పిల్లలకు చెప్పకండి. సెలవు మంజూరైందని చెప్పినా సరే, బ్యాగు సర్దుకున్నానని చెప్పినా సరే. రైలెక్కి, సీట్లో కూర్చుని, రైలు కదిలిందని ఫోన్ చేశాక చెప్పండి. అలాగని ఆయన రాలేదని పండుగను మాత్రం ఆపకండి. ఏ రోజు రావాల్సిన పండుగ ఆ రోజే చేయండి. మన ఇళ్లలో పండుగ తేదీ వేరు, సెలవు తేదీ వేరు. ఈ రెంటినీ ముడిపెట్టామంటే నలిగిపోయేది పిల్లలే.

ఎందుకంటున్నానో వినండి. మీలో కొందరికి పెళ్లయి రెండేళ్లు కూడా కాలేదు, సెలవు సంగతి ఇంకా కొత్త. జవాన్లకు ఏడాదికి 60 రోజులు యాన్యువల్ లీవ్, 30 రోజులు క్యాజువల్ లీవ్ అని కాగితం మీద ఉంటుంది. అది చూసి అత్తగారిళ్లలో "ఇన్ని రోజులుండి పండక్కి నాలుగు రోజులు రాలేడా" అంటారు. కానీ యూనిట్ నుంచి ఒకేసారి ఎంతమంది బయటికి వెళ్లొచ్చనేదానికి లెక్క ఉంటుంది, అందరినీ ఒకేసారి వదలరు. ఇక ఆశ్వయుజం, కార్తీకం చూడండి. మనకు బతుకమ్మ, దసరా. బెంగాలీలకు దుర్గాపూజ. గోర్ఖాలకు దశైన్, వాళ్లకు అంతకన్నా పెద్ద పండుగ లేదు. ఆ తర్వాత అందరికీ దీపావళి, అది అయిన ఆరో రోజుకు బిహార్ వాళ్లకు ఛఠ్. కంపెనీలో సగం మంది అప్లికేషన్లు అవే నాలుగైదు వారాలకు పడతాయి. పై అధికారి మాత్రం ఏం చేస్తాడు, బ్యాచులుగా విడగొడతాడు. నీకు దసరా, అతనికి దీపావళి, ఇంకొకరికి సంక్రాంతి. లడఖ్ వైపైతే మరీ కష్టం. మంచు పడి కనుమలు మూసుకుపోకముందే చలికాలానికి కావాల్సిన రేషన్, కిరోసిన్, మందులు, బట్టలు పైకి చేర్చాలి కదా, ఆ పనంతా ముగింపుకొచ్చేది సరిగ్గా ఈ నెలల్లోనే. పైన పోస్టు మీద ఉన్నవాడికి సెలవు దొరికినా నడిచి కిందికి దిగాలి, కాన్వాయ్ దొరకాలి, ట్రాన్సిట్ క్యాంపులో విమానం కోసం కాచుకోవాలి, వాతావరణం బాగాలేకపోతే ఆ విమానమూ ఉండదు. ఇన్ని దాటి మనిషి గుమ్మంలోకి రావాలి. ఇందులో తప్పు ఎవరిది? ఎవరిదీ కాదు.

ఇవన్నీ మనకు అర్థమవుతాయి. నాలుగేళ్ల పిల్లకు అర్థం కావు. వస్తానన్న నాన్న రాకపోతే ఆ వయసు పిల్లలు సెలవు క్యాన్సిల్ అయిందనుకోరు, నేను అల్లరి చేశాను కాబట్టి రాలేదు అనుకుంటారు. ఇది నా ఊహ కాదు, పిల్లలే నాతో అన్నారు. మా క్వార్టర్ పక్కన ఒక బాబు ఉండేవాడు, ఐదేళ్లుంటాయేమో. దీపావళికి నాన్న వచ్చాకే కొత్త చొక్కా వేసుకుంటానని కూర్చున్నాడు. వాళ్లమ్మ బతిమాలింది, మేమందరం బతిమాలాం, ససేమిరా అన్నాడు. చొక్కా కవర్లోనే ఉండిపోయింది. తండ్రి సంక్రాంతి దాటాక వచ్చాడు, అప్పటికి ఆ చొక్కా భుజాల దగ్గర పట్టేసింది. చొక్కా పోతే పోయిందనుకోండి, ఆ ఏడు ఆ పిల్లాడికి దీపావళే లేకుండా పోయింది. నాకు ఈనాటికీ బాధ కలిగించేది అదే.

మా సంగతి చెబుతాను. 2002లో మేం జోధ్‌పూర్‌లో ఉన్నాం. ఆపరేషన్ పరాక్రమ్ నడుస్తోంది. 2001 డిసెంబర్‌లో పార్లమెంటు మీద దాడి జరిగాక సైన్యాన్ని పెద్దఎత్తున సరిహద్దుకు తరలించారు, మా ఆయన యూనిట్ ఎడారిలోకి వెళ్లిపోయింది. మనిషి ఉన్నది అదే రాజస్థాన్‌లో, కానీ కాశ్మీర్‌లో ఉన్నా అంతే, రావడానికి లేదు. ఇప్పటిలా వీడియో కాల్స్ లేవు. ఉత్తరాలే. చిరునామాలో ఊరి పేరుండదు, పేరు, నంబరు, యూనిట్ రాసి, కేరాఫ్ 56 ఏపీవో అని, అంటే సైన్యం పోస్టాఫీసు నంబరు, రాస్తే చేరేది. "56 ఏపీవో ఏ ఊరమ్మా, బస్సులో పోవచ్చా" అని మా పెద్దోడు రోజూ అడిగేవాడు. చిన్నదానికి అప్పుడు మూడేళ్లు నిండలేదు, నాన్న అంటే దానికి గోడ మీది ఫోటో.

బతుకమ్మ వచ్చింది. ఆ ఏడు రాజస్థాన్‌లో ఘోరమైన కరువు. చేలల్లో సజ్జే లేదు, ఇక గునుగు పూలు ఎక్కడివి? లైన్స్‌లో, అంటే మా సైనిక క్వార్టర్లలో, తెలంగాణ వాళ్లం ఐదారు ఇళ్లుంటాం, ఈసారి వద్దులే అనుకున్నాం. అప్పుడు పాలమ్మేవాడు రాళ్లగుట్ట మీద పచ్చటి పూలున్నాయని చెప్పాడు. పోయి చూస్తే తంగేడు! అక్కడివాళ్లు ఆంవల్ అంటారు, తోళ్లు ఊనడానికి దాని బెరడు వాడతారు. చినుకు పడకపోయినా విరగబూసింది. బజారులో బంతిపూలు కొన్నాం. గునుగు లేని బతుకమ్మ, గుమ్మడాకు దొరక్క స్టీలు పళ్లెంలో పేర్చిన బతుకమ్మ. వదలడానికి చెరువేదీ? క్వార్టర్ల వెనక నీళ్ల తొట్టి ఉంటే అందులోనే వదిలాం. పిల్లలకు అదెంత సంబరమో చెప్పలేను, చెరువైతే దూరంగా నిలబెడతాం కదా, తొట్టి కాబట్టి చేతులతో వాళ్లే తోశారు. సద్దులకు పెరుగన్నం, పులిహోర, నువ్వుల సద్ది చేశాం. మలీద ముద్దలు మాత్రం పక్కింటి రాజపుత్ర ఆమె తెచ్చిన సజ్జ రొట్టెలతో చేశాం, నేయి కూడా ఆమెదే.

ఇక దసరా. మన ఊళ్లో జమ్మి కోసం ఊరి బయటికి పోవాలి, అక్కడ ఎటు చూసినా జమ్మే. మన జమ్మిచెట్టే వాళ్ల ఖేజ్రీ. పాలపిట్టలూ కనిపిస్తాయి. కాకపోతే కొమ్మ విరుస్తామంటే ఎవరూ ఊరుకోరు. జోధ్‌పూర్ దగ్గరి ఖేజర్లీ అనే ఊళ్లో 1730లో ఈ చెట్లను నరకనివ్వకుండా 363 మంది బిష్ణోయ్‌లు ప్రాణాలిచ్చారు, ఆ గౌరవం ఇప్పటికీ ఉంది. లైన్స్‌లో తోటమాలి కూడా "గుప్పెడు ఆకులు తీసుకోండి, కొమ్మ ముట్టకండి" అన్నాడు. మా ఆయన పదిరోజుల ముందే రాసిన ఉత్తరం దసరాకు రెండు రోజుల ముందు అందింది. అందులో ఇంకో చిన్న కాగితం మడిచి పెట్టాడు. మనవాళ్లు జమ్మికి కడతారు కదా, "శమీ శమయతే పాపం" అని శ్లోకం, కింద ఇంట్లోవాళ్ల పేర్లు. తన చేతిరాతతో రాశాడు. పిల్లల పేర్లు మాత్రం పెద్ద పెద్ద అక్షరాలతో, మా పెద్దోడు కూడబలుక్కుని చదవగలిగేలా. ఇలాంటిదే ఇంకోటి రాసుకున్నానని, తను ఉన్నచోట కూడా ఖేజ్రీ ఉందని, దసరా రోజు దానికి కడతానని రాశాడు. పెద్దోడు ఆ కాగితం పట్టుకుని చెట్టు దగ్గర నిలబడ్డాడు. దారం వాడే కట్టాలి, ఇంకెవరూ ముట్టుకోవద్దు. ముల్లు గుచ్చుకుంది, ఏడవలేదు. ఇంటికొచ్చాక "నాన్న కూడా కట్టేసి ఉంటాడు" అన్నాడు. వాడి లెక్కలో నాన్న పండక్కి వచ్చినట్టే.

నేను చెప్పదలచుకున్న పద్ధతి ఇదే. రాలేని తండ్రికి పండుగలో ఒక పని ఒప్పజెప్పండి. అది చిన్నదే అయినా అతను తప్ప ఇంకెవరూ చేయకూడనిది కావాలి. ఇప్పుడు మీకు ఫోన్లున్నాయి, వాయిస్ మెసేజ్ ఉంది. జమ్మికి కట్టే కాగితం ఆయనే రాసి ఫోటో పంపమనండి, పిల్లాడు దాన్ని చూసి రాసుకుంటాడు. దీపావళికి ఏ దీపం ముందు వెలిగించాలో ఆయనే చెప్పాలి. వీడియో కాల్ మంచిదే, కానీ దాన్నే నమ్ముకోవద్దు. పైన సిగ్నల్ ఉండదు, ఉన్నా పది మంది వరసలో ఉంటారు, పూజ టైముకు కాల్ కలవకపోతే పిల్లలు కొత్త బట్టలతో ఫోను ముందు కూర్చుని పండుగంతా ఎదురుచూపుతోనే సరిపోతుంది. ముందే పంపించుకున్న మాటైతే ఎప్పుడు కావాలంటే అప్పుడు వినొచ్చు.

ఆ ఏడు ఇంకో విషయం జరిగింది. దసరా అయిన మర్నాడే, అక్టోబర్ 16న, సరిహద్దు నుంచి బలగాలను వెనక్కి తీసుకుంటామని ప్రభుత్వం ప్రకటించింది. లైన్స్‌లో ఆ సాయంత్రం చూడాలి, ఎంత ఆనందం! దీపావళికి ఇంకా మూడు వారాలుంది, అందరూ వచ్చేస్తారనుకున్నారు. ఒక గఢ్వాలీ పెద్దావిడ ఉండేది, సుబేదార్ మేజర్ గారి భార్య. ఆమె ఇంటింటికీ తిరిగి "పిల్లలకు ఇప్పుడే చెప్పకండి, ఆర్డర్ వచ్చినంత మాత్రాన మనుషులు వచ్చినట్టు కాదు" అని చెప్పింది. ఆమె అన్నదే నిజమైంది. సరిహద్దు పొడవునా మందుపాతరలు పాతారు, వాటిని తీయకుండా రాలేరు, ఆ పని నెలల తరబడి సాగింది. నేను ఆమె మాట విన్నాను, పిల్లలతో దీపావళి దీపావళిలాగే చేశాను. ఈ రోజు మీకు చెబుతున్నది చాలావరకు ఆమె నేర్పిందే.

సరే, ఆయన వచ్చారనుకోండి. అప్పుడు ఇంకో రకం టెన్షన్. ఏడాదిన్నర, రెండేళ్ల పిల్లలు తండ్రిని చూసి ఏడుస్తారు, మీ చీర వెనక దాక్కుంటారు. చుట్టూ ఉన్న పెద్దవాళ్లు నవ్వుతూ "నాన్నే, పో పో" అని ఎత్తి ఆయన చేతిలో పెడతారు, పిల్ల ఇంకా గట్టిగా ఏడుస్తుంది. ఆ మనిషి ముఖం ఎప్పుడైనా గమనించారా? ఎన్నో నెలలు ఈ పిల్ల కోసమే రోజులు లెక్కపెట్టుకుని వచ్చినవాడు. దయచేసి ఎవరినీ తోయనివ్వకండి. ఆయన్ను కింద కూర్చోమనండి, పిల్ల పక్కనే కూర్చుని ఏదో ఒకటి చేసుకోమనండి, చిక్కుడుకాయలు ఒలవమనండి, బూట్లు తుడుచుకోమనండి. పిల్లే వస్తుంది. ఒకరోజు పట్టొచ్చు, మూడు రోజులు పట్టొచ్చు.

ఈ మాట మగవాళ్లకు కూడా చేరవేయండి. సెలవులో వచ్చిన మనిషిని చుట్టాలు పంచుకుంటారు. పాస్ బుక్కు పని, తమ్ముడి లోను, మేనమామ ఇంట్లో ఫంక్షన్, ఎమ్మార్వో ఆఫీసు. సాయంత్రమైతే క్యాంటీన్ బాటిల్ తెచ్చావా అని ఒకరి తర్వాత ఒకరు. మన దగ్గర దసరా అంటే ముక్క, మందు అనే అలవాటు ఎంతుందో నాకు తెలుసు, తెలిసే చెబుతున్నాను. మా ఇంట్లో ఒక ఏర్పాటు చేసుకున్నాం: వచ్చిన మొదటి రెండు రోజులు ఎవరింటికీ పోయేది లేదు, ఎవరికీ బాటిల్ ఇచ్చేది లేదు. అత్తగారు మొదట్లో నొచ్చుకున్నారు. తర్వాత ఆవిడే గేటు దగ్గర నిలబడి "రేపు రండి, ఎల్లుండి రండి" అని చెప్పి పంపేవారు. ఇలా గట్టిగా ఉండాల్సింది మనమే, ఆయన నోరు తెరిచి ఎవరినీ కాదనలేడు.

పదిమంది కలిసినచోట ఇంకో బాధ. "అక్కడ కాల్పులట కదా, ఎంతమందిని చంపావు" అని పిల్లల ముందే అడుగుతారు. వెనకాల టీవీలో న్యూస్ మోగుతుంటుంది. పిల్లలు ఆడుకుంటున్నట్టే ఉంటారు, చెవులన్నీ ఇటే ఉంటాయి. నేనైతే మొహమాటం లేకుండా టీవీ కట్టేసేదాన్ని, "అన్నా, ఆ మాటలు పిల్లలు పడుకున్నాక" అనేదాన్ని. మీరూ అనండి, ఎవరేమనుకున్నా ఫర్వాలేదు. ఇంకొకటి, ఆయన ఏ రైల్లో వస్తున్నాడు, ఏ స్టేషన్‌లో దిగుతున్నాడు, యూనిట్ ఎక్కడుంది, ఇవేవీ వాట్సాప్ స్టేటస్‌లో పెట్టొద్దు. సంతోషం పట్టలేక పెట్టేస్తారు, తెలుసు. ఆయన ఇంటికొచ్చాక ఫోటో పెట్టుకోండి, అందులో యూనిఫాం, బోర్డులు లేకుండా చూసుకోండి.

దీపావళి బాంబుల గురించి చాలామంది అడగరు, నేనే చెబుతాను. సైనికుడి ఇల్లు కదా, టపాసులకు భయమేంటి అనుకుంటారు జనం. కొందరికి ఆ చప్పుడు పడదు. ఫీల్డ్ నుంచి అప్పుడే వచ్చిన మనిషి వెనకాల లక్ష్మీ బాంబు పేలితే ఒళ్లంతా ఎలా బిగుసుకుపోతుందో నేను కళ్లారా చూశాను. అది పిరికితనం కాదు, మూడు నెలలు, ఆరు నెలలు ఆ శబ్దానికి మేలుకుని ఉండటమే అతని ఉద్యోగం. పిల్లలు "నాన్నా, నువ్వే కాల్చు" అని వెంటపడతారు. ముందే ఆయన్ను ఒంటరిగా అడగండి. వద్దంటే కాకరపువ్వొత్తులు, చిచ్చుబుడ్లు, భూచక్రాలు చాలు, మా ఇంట్లో అవే. చప్పుడుకు నిద్ర పట్టక రాత్రంతా వరండాలో తిరుగుతుంటే దాచిపెట్టుకోకండి, మిలిటరీ ఆసుపత్రిలో దీనికి డాక్టర్లున్నారు, తీసుకెళ్లండి.

మరి మన పిల్లలకు దొరికేదేమిటి అంటే, ఊళ్లో పిల్లలకు లేనిది చాలా ఉంది. కేంద్రీయ విద్యాలయంలో చదివే మన పిల్లలకు దసరా సెలవులు పది రోజులు ఉంటే గొప్ప, ఇక్కడ రాష్ట్ర బడుల్లో చదివే చుట్టాల పిల్లలకు రెండు వారాలకు దగ్గరగా ఉంటాయి, అది చూసి మనవాళ్లు గొడవ చేస్తారు. కానీ లైన్స్‌లో ఒక్క శరదృతువులో వాళ్లు ఎన్ని పండుగలు చూస్తారో లెక్కేయండి. గోర్ఖా ఇళ్లకు పోతే పెద్దలు పెరుగు, బియ్యం, కుంకుమ కలిపిన టీకా నుదుటి నిండా పెడతారు, చీకట్లో మొలిపించిన పసుపుపచ్చ బార్లీ మొలకలు తలలో తురుముతారు, చేతిలో డబ్బులు పెడతారు. మా చిన్నది ఆ టీకా రాలిపోతుందని రెండు రోజులు తలస్నానం చేయనివ్వలేదు. విజయదశమికి యూనిట్‌లో ఆయుధపూజ. తుపాకులు తుడిచి వరసగా పెట్టి బొట్టు పెడతారు, పండిత్‌జీ మంత్రాలు చదువుతాడు. పాండవులు ఆయుధాలను జమ్మి మీద దాచిన కథ మన పిల్లలకు ఇంట్లో చెప్పి పంపితే అక్కడ చూసేది బాగా అర్థమవుతుంది. కార్తీక పౌర్ణమికి గురునానక్ జయంతి, లంగర్‌లో, అంటే గురుద్వారాలో అందరికీ పెట్టే భోజనంలో, నేల మీద కూర్చుని తింటారు. ఇక బడాఖానా ఉందనుకోండి, అధికారులు, జవాన్లు, కుటుంబాలు ఒకేచోట ఒకే భోజనం. పిల్లల్ని తీసుకెళ్లడానికి బద్ధకించకండి. నాన్న ఊళ్లో లేనప్పుడు అసలే మానకండి, ఆ రోజు మన ఇంటి పిల్లలకు పెట్టేది నాన్న తోటి మనుషులే. నాన్న చేసే పని ఎలాంటి మనుషుల మధ్య చేస్తాడో వాళ్లకు తెలిసేది అక్కడే.

ఒక విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. ఈ హాల్లో వీర నారులు, అంటే అమరులైన సైనికుల భార్యలు, కూడా ఉన్నారు, వాళ్ల ముందే చెబుతున్నాను. మన పద్ధతుల్లో భర్త పోయిన ఆడబిడ్డను పసుపు కుంకుమల దగ్గరికి రానివ్వని ఆచారం ఇంకా పోలేదు. ఒక ఏడు సద్దుల బతుకమ్మ నాడు ఒకామె తన ఇద్దరు పిల్లల్ని మా మధ్యకు పంపి, తను గోడ పక్కన నిలబడింది. ఆమె భర్త పోయి అప్పటికి ఏడాది కాలేదు. చిన్నది ఆట మధ్యలోంచి మాటిమాటికీ వెనక్కి తిరిగి అమ్మను చూస్తోంది. మాలో ఒకరిద్దరు గొణిగారు కూడా. నేను, ఇంకో ఇద్దరం వెళ్లి చేయి పట్టుకుని తీసుకొచ్చాం, ఆమె బతుకమ్మనే మధ్యలో పెట్టాం. ఆ పిల్ల అప్పుడు చప్పట్లు కొట్టి ఆడింది. ఈ దేశం కోసం ప్రాణం పోగొట్టుకున్నవాడి భార్యకు మన పండుగలో చోటు లేకపోతే ఆ పండుగ నాకొద్దు. ఇది మా లైన్స్‌లో ఆ తర్వాత ఎవరూ ప్రశ్నించలేదు, ఇక్కడా ఎవరూ ప్రశ్నించకూడదు.

నాకిచ్చిన టైము అయిపోయినట్టుంది, ఇక పనుల్లోకి వద్దాం. సద్దుల బతుకమ్మ ఈసారి అందరం కలిసి ఈ గ్రౌండ్‌లోనే ఆడుతున్నాం. ముందురోజు తెల్లవారుజామున పూలకు పోతాం, పిల్లల్ని కూడా తీసుకురండి, కాళ్లకు బూట్లు వేయండి, గడ్డిలో పురుగూ పుట్రా ఉంటాయి. గునుగుకు రంగులద్దే పని పెద్ద పిల్లలది. సద్దులు ఇంటికొక రకం, రెండు ఇళ్లు ఒకటే చేయకుండా ఇప్పుడే అక్కడ పుస్తకంలో పేరు రాయించండి. తమిళ, మలయాళీ, పంజాబీ, నేపాలీ ఇళ్లవాళ్లకు మీరే స్వయంగా వెళ్లి చెప్పండి, గ్రూపులో మెసేజ్ పెట్టి ఊరుకోవద్దు. దసరా నాడు జమ్మి దగ్గరికి సాయంత్రం ఐదింటికి బయల్దేరతాం. ఇళ్లలో ఆయన రాసి పంపాల్సిన కాగితాలు ఈ వారంలోనే అడిగి తెప్పించుకోండి, పైన ఉన్నవాళ్లకు మాట చేరడానికే నాలుగైదు రోజులు పడుతుంది. ఇక ఎవరికైనా ఏమైనా అడగాలనుంటే అడగండి. ఆ ఎర్ర చీర కట్టుకున్న అమ్మాయి చేయెత్తింది, మైకు అటు ఇవ్వండి.